తొట్టిలో పిండి, బుడ్డిలో నూనె

మన క్రైస్తవ కుటుంబాలలో ఎవరైనా ప్రభువునందు నిద్రించినప్పుడు, భూస్థాపన జరిగిన కొద్ది రోజులకే ఆ ఇంట ఆదరణ కూడిక పెట్టడం ఆనవాయితీ. ఇంటి ముందు షామియానా వేసి కుర్చీలు పేరుస్తారు. పాత కీర్తనలు రెండు మూడు పాడిన తరువాత పాస్టరు అయ్యగారు వాక్యం చెబుతారు. తెలిసినవారు లేచి పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెబుతారు. చివరికి వచ్చినవారందరికీ భోజనాలు పెడతారు. 2024 వేసవిలో మావారు చనిపోయినప్పుడు విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లోని మా ఇంటి ముందు కూడా ఇవన్నీ జరిగాయి. ఆ రోజు అయ్యగారు చెప్పిన మాటలలో అబద్ధం ఒక్కటీ లేదు. పునరుత్థానాన్ని గురించి ఆయన చెప్పినదానిని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. అయితే ముందు వరుసలో తలమీద కొంగు వేసుకొని కూర్చొని ఆ మాటలు వింటున్నంతసేపూ నా మనస్సులో తిరిగినవి మాత్రం షామియానా అద్దె ఎంత, వంటవాళ్లకు మా ఆడపడుచు ఇచ్చిన డబ్బు ఎప్పుడు తిరిగి ఇవ్వాలి, బడులు తెరిచేసరికి పిల్లల ఫీజులు ఎక్కడి నుంచి తేవాలి అన్న లెక్కలే. దుఃఖంలో ఉన్న మనిషికి లెక్కలు గుర్తుకు రావని అనుకొనేవారు ఇంటికి పెద్దదిక్కును ఎన్నడూ పోగొట్టుకొని ఉండరు.

మావారు ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు చేసేవారు. మూత్రపిండాలు చెడిపోయిన తరువాత ఆ పని మానుకోవలసి వచ్చింది. డయాలసిస్ ఖర్చును ప్రభుత్వ పథకం భరించినా, ఆసుపత్రికి రానూపోనూ ఆటో కిరాయిలకు, ఆ పథకంలోకి రాని మందులకు, సంపాదన ఆగిపోయిన ఇంటి ఖర్చులకు కలిపి అప్పు పెరుగుతూ వచ్చింది. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెబుతాను. ఆ జీతం ఎంత ఉంటుందో ఆ వృత్తిలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. మెడలోని గొలుసు తాకట్టుకు వెళ్లింది, పాడుకున్న చీటీ డబ్బు ఖర్చయిపోయింది, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మిగిలింది. సానుభూతి కోసం ఈ వివరాలు రాయడం లేదు. దేవుని ఆదరణను గురించి రాస్తూ వీటిని వదిలేస్తే, ఆ ఆదరణ నాకు ఏ రూపంలో అందిందో చెప్పడం సాధ్యం కాదు.

సంఘంలో మనం దుఃఖాన్ని ఒక సంగతిగా, అక్కరను మరొక సంగతిగా చూడడానికి అలవాటుపడ్డాం. దుఃఖానికి కీర్తనలున్నాయి, వాక్యముంది, కూడిక ఉంది. అక్కరకు మాత్రం ఉపవాస ప్రార్థనలో ఒక చీటీ రాసి ఇవ్వడమే మార్గం. ఆ చీటీని చదివేటప్పుడు "ఆర్థిక ఇబ్బందులలో ఉన్న ఒక కుటుంబం నిమిత్తం" అంటారు తప్ప పేరు చెప్పరు. పేరు చెప్పకపోవడం మర్యాదే, కాదనను. కానీ ఏడుపును నలుగురి ముందు ఏడవనిచ్చి, ఆకలిని మాత్రం చీటీలో మడిచి పెట్టమనడం ఏ మర్యాదో నాకు అర్థం కాదు. ఇంట్లో అవి రెండూ జంటగానే వస్తాయి. ఏది ముందు వచ్చినా రెండవది వెనుకనే ఉంటుంది.

ఆ వేసవి తరువాత బైబిలులో నాకు అన్నింటికంటె దగ్గరైన భాగం రాజుల మొదటి గ్రంథంలోని 17వ అధ్యాయం. అహాబు రాజు కాలంలో వానలు లేక కెరీతు వాగు ఎండిపోయినప్పుడు, దేవుడు ఏలీయా ప్రవక్తను సీదోను ప్రాంతంలోని సారెపతు అనే ఊరికి పంపుతాడు. అక్కడ అతనిని పోషించవలసినది ఒక విధవరాలు. ఊరి గవిని దగ్గర పుల్లలు ఏరుకుంటున్న ఆమెకు ఉన్నదల్లా తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. దానితో తనకూ తన బిడ్డకూ కడసారి ఒక అప్పం చేసుకొని తిని, ఆ తరువాత చనిపోదామని ఆమె నిశ్చయించుకున్నది. అటువంటి స్త్రీని ఏలీయా, ముందు నాకొక చిన్న అప్పం చేసి తెమ్మని అడుగుతాడు. ఆమె తెచ్చి పెడుతుంది. కరువు తీరేదాకా ఆ తొట్టిలో పిండి తరగలేదు, ఆ బుడ్డిలో నూనె అయిపోలేదు.

టీవీలలో ప్రసంగించే కొందరు బోధకులకు ఈ భాగమంటే చాలా ఇష్టం. ముందు దైవజనునికి ఇవ్వండి, తరువాత మీ తొట్టి ఎలా నిండుతుందో చూడండి అని చెబుతూ వారు తెర కింద బ్యాంకు ఖాతా సంఖ్యను చూపిస్తారు. వారు ఎప్పుడూ 16వ వచనం దగ్గర ఆగిపోతారు. 17వ వచనంలో ఆ విధవరాలి కొడుకు జబ్బుపడి ఊపిరి విడుస్తాడు. దైవజనునికి ముందుగా పెట్టిన ఇల్లు అది. అద్భుతం రోజూ జరుగుతున్న ఇల్లు అది. తొట్టిలో పిండి ఉండగానే ఆ ఇంట్లో బిడ్డ చనిపోయాడు. ఇచ్చినవారికి ఇక ఏ కీడూ రాదని చెప్పదలచుకుంటే ఆ అధ్యాయం 16వ వచనంతోనే ముగిసి ఉండేది.

బిడ్డ పోయినప్పుడు ఆమె ప్రార్థన చేయలేదు, స్తుతించలేదు. నా పాపాన్ని గుర్తుచేసి నా కొడుకును చంపడానికే వచ్చావా అని ఏలీయామీద విరుచుకుపడింది. నన్ను అన్నింటికంటె ఎక్కువగా పట్టుకున్నది దానికి ఏలీయా ఇచ్చిన జవాబు. అతడు ఆమెను మందలించలేదు, దేవుని చిత్తమని సర్దిచెప్పలేదు. "నీ బిడ్డను నాకిమ్ము" అని తీసుకొని, పై గదికి మోసుకుపోయి, ఆమె తనను అడిగిన ప్రశ్ననే తాను దేవుణ్ణి అడిగాడు: నాకు ఆశ్రయమిచ్చిన ఈ విధవరాలికే కీడు చేశావా అని. ఆమె నిష్ఠూరాన్ని అతడు తన నోటితో దేవుని దగ్గరికి మోసుకొని వెళ్లాడు. ఆదరించడానికి వచ్చేవారు చేయవలసిన పని ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే ఈ ఒక్క వచనమే చూపిస్తాను.

ఆమె కొడుకు లేచాడు. మావారు లేవలేదు. ఈ తేడాను దాటిపోవడానికి నేను చాలా వివరణలు విన్నాను. దేవుడు తోటలో మంచి పువ్వునే కోసుకుంటాడు అన్నది వాటిలో నాకు అన్నింటికంటె కష్టంగా తోచినది. ఆ మాట అన్న పెద్దావిడ ప్రేమతోనే అన్నది, నా చేయి పట్టుకొనే అన్నది. కానీ పదవ తరగతి చదువుతున్న ఆడపిల్ల తండ్రిని తన పూజాగదికి పువ్వుగా కోసుకొనే దేవుణ్ణి ఆ పిల్ల ఎలా ప్రేమించగలదు? లాజరు సమాధి దగ్గర యేసు అలాంటి మాట ఏదీ అనలేదు. కొద్దిసేపటిలో అతనిని లేపబోతున్నానని తెలిసి కూడా కన్నీళ్లు విడిచాడు. తేడాకు కారణం నాకు ఇప్పటికీ తెలియదు. కారణం తెలియకుండానే ఆదరణ పొందడం సాధ్యమని మాత్రం తెలిసింది. అది ఎలా తెలిసిందో చెప్పాలంటే వరద సంగతి చెప్పాలి.

2024 ఆగస్టు 31న కుండపోతగా వాన కురిసింది. బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1, ఆదివారం, ఆరాధనకు బయలుదేరవలసిన సమయానికి మా వీధిలో నీళ్లు మోకాలు దాటాయి. చూస్తూ ఉండగానే నడుముదాకా వచ్చాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ, ఇటువైపు ఏ పేట చూసినా అదే పరిస్థితి. మరునాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీటిని వదిలారని తరువాత పత్రికలలో చదివాను. మేము అద్దెకు ఉన్నది కింది వాటా. బీరువాలోని కాగితాలు, పిల్లల పుస్తకాలు పైకి చేరవేసేసరికే బియ్యం డబ్బా తేలింది. మంచాలు, ఫ్రిజ్, కొత్తగా కొన్న మిక్సీ, మావారు ఇంట్లో దాచుకున్న పనిముట్ల పెట్టె, అన్నీ నీటిపాలయ్యాయి.

పై వాటాలో ఒక మామ్మగారు ఒంటరిగా ఉంటారు. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు దూర ప్రాంతాలలో స్థిరపడ్డారు. మడీ ఆచారమూ పాటించే మనిషి. మా ఇంట్లో మంచినీళ్లయినా పుచ్చుకోరని మేము చనువు తీసుకొనేవాళ్లం కాదు. ఆ రోజు ఆమే మెట్లమీదకు వచ్చి, "పిల్లల్ని తీసుకొని పైకి రా అమ్మాయీ, ఇంకా ఏమి చూస్తావు" అని కేకవేశారు. వెనుక వాటాలోని ముస్లిం కుటుంబాన్ని కూడా పిలిచారు. కరెంటు లేదు, ఫోన్లు ఆరిపోయాయి, ఫ్లైఓవరు దగ్గర నుంచి బయలుదేరిన పడవలు మా సందుదాకా రాలేకపోయాయి. ఆమె దగ్గర ఉన్న బియ్యం, పెసరపప్పు ఒక మనిషికి నెలకు సరిపడేవి. వాటితోనే అందరికీ పులగం వండారు. గ్యాసు ఎప్పుడు అయిపోతుందో తెలియదు కాబట్టి పొద్దున ఒక్కసారే పొయ్యి వెలిగించేవారు. సాయంత్రం దీపం పెట్టి గజేంద్రుడి మొర పద్యాలు చదువుకునేవారు. నేను పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని కీర్తనల గ్రంథం నోటికి వచ్చినంత చెప్పుకునేదాన్ని. వెనుక వాటా వారు ఓ మూల నమాజు చేసుకునేవారు. చుట్టూ నీళ్లే అయినప్పుడు ఆ ఏనుగు గోడు నాకు కొత్తగా వినిపించిందన్నది నిజం. నా విశ్వాసం నాది, ఆమె భక్తి ఆమెది. ఆ రెండింటినీ కలిపి ఒకటే అని చెప్పే తొందర ఆమెకూ లేదు, నాకూ లేదు.

నీళ్లు తీసిన తరువాత, బురద ఎత్తిపోస్తూ మా అబ్బాయి ఒక ప్రశ్న వేశాడు. వాడు డిగ్రీ చదువుతున్నాడు. తండ్రి పోయిన దగ్గర నుంచి మందిరానికి రావడం లేదు. "అమ్మా, మనకు అన్నం పెట్టింది మామ్మగారు, పొట్లాలు తెచ్చింది ఎవరో కుర్రాళ్లు, ఇంటి నష్టానికి పాతికవేలు ప్రకటించింది ప్రభుత్వం. ఇందులో దేవుడు చేసింది ఏమిటి?" అన్నాడు. ఇది ఎగతాళి కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న. అప్పటికప్పుడు నేను చెప్పగలిగింది సారెపతు సంగతే. ఏలీయాకు ఆకలి వేసినప్పుడు దేవుడు స్వయంగా వడ్డించలేదు, ధాన్యం కొట్లున్న ఆసామి ఇంటికి పంపలేదు; చివరి అప్పం చేసుకుంటున్న మనిషి గుమ్మంలోకి పంపాడు. ఆమె ఇశ్రాయేలీయురాలు కూడా కాదు. ఇశ్రాయేలులో ఎందరో విధవరాండ్రు ఉండగా పరాయి దేశపు స్త్రీ దగ్గరికే ఏలీయా పంపబడ్డాడని నజరేతు సమాజమందిరంలో యేసు గుర్తుచేసినప్పుడు, వినేవారికి ఎంత కోపం వచ్చిందంటే ఆయనను కొండకొనకు తీసుకుపోయి తోసివేయాలని చూశారు. ఆ కోపం ఎందుకో నాకు ఆ మేడమీద కూర్చున్నప్పుడు కొంత అర్థమైంది. దేవుడు మనవాళ్ల చేత, మన మందిరం ద్వారా ఆదరిస్తే మనకు బాగుంటుంది. ఆయన మాత్రం మామ్మగారి వంటగదిని ఎంచుకున్నాడు. మా అబ్బాయి ఒప్పుకోలేదు. "అది మామ్మగారి మంచితనం, నువ్వు దానికి దేవుని పేరు పెడుతున్నావు" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర రుజువు లేదు. రుజువు లేదని వాడితో చెప్పాను కూడా.

అన్నానికీ దేవునికీ సంబంధం కలిపితే మనలో చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది, దానికి కారణం ఉంది. అన్నం కోసం మతం పుచ్చుకున్నవారు అన్న ఎత్తిపొడుపు తరతరాలుగా మన చెవిన పడుతూనే ఉంది. మా అమ్మమ్మ పూర్వీకులు ఒంగోలు వైపువారు. 1876 నుంచి 1878 వరకు సాగిన మహా కరువులో అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చేశారు. ఆ కరువు సాగినంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదన్నది ఆయన ఉద్దేశం. కరువు తగ్గుముఖం పట్టి, సహాయం అందడం ఆగిన తరువాత కూడా జనం వెనక్కి వెళ్లలేదు; 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. ఈ చరిత్రను మనవాళ్లు ఆ సంఖ్య కోసం చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో పెద్ద సంగతి ఆ క్రమం అనిపిస్తుంది: ముందు కూలి, కూలితో కూడు, అందుకు ప్రతిగా ఏమీ అడగకపోవడం. ఎత్తిపొడుపుకు భయపడి, ఆకలిగొన్నవాడి ముందు వట్టి వాక్యం పెట్టడం అంతకంటె పెద్ద తప్పు. శరీరానికి కావలసినవి ఇవ్వకుండా సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి అంటే ఏమి ప్రయోజనమని యాకోబు తన పత్రికలో అడిగింది సరిగ్గా ఇదే. చనిపోయిన యాయీరు కుమార్తెను లేపిన వెంటనే యేసు చెప్పినది కూడా ఆ పిల్లకు ఏమైనా తినడానికి పెట్టమనే.

అలాగని ఆదరణ అంటే అన్నం మాత్రమేనని నేను అనడం లేదు. కడుపు నిండిన తరువాతనే అసలు దుఃఖం మొదలైన రాత్రులు నాకున్నాయి. వరద సాయం అందింది, తడిసిన గోడలు ఆరాయి, పిల్లలు బడికీ కాలేజీకీ వెళ్లడం మొదలుపెట్టారు. అప్పుడు ఇల్లు నిశ్శబ్దమై, ఆయన లేరన్న సంగతి పూర్తిగా తెలిసివచ్చింది. మా వీధిలో మంచినీళ్లు తెల్లవారుజామున వస్తాయి. బిందెలు నింపుకున్న తరువాత మళ్లీ పడుకుంటే నిద్ర పట్టదు కాబట్టి ఆ వేళ బైబిలు తీసేదాన్ని. వాగ్దానాలు చదవబుద్ధి అయ్యేది కాదు. 88వ కీర్తన చదివేదాన్ని. ఇతర విలాప కీర్తనలలో చివరికి ఎక్కడో ఒకచోట వెలుగు కనిపిస్తుంది, స్తుతి వినిపిస్తుంది. ఈ కీర్తన మాత్రం "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ముగిసిపోతుంది. దాని తరువాత దేవుని జవాబు లేదు, రాసినవాడి సర్దుబాటు లేదు. ఇంత చేదైన పలుకును పరిశుద్ధ గ్రంథంలో ఉంచి, యుగయుగాలుగా భక్తుల చేత ప్రార్థనగా చదివించిన దేవుడు, నా నిష్ఠూరాన్ని విని కోపగించుకొనేవాడు కాడని నాకు మెల్లగా నమ్మకం కుదిరింది. అప్పటిదాకా ప్రార్థన అంటే ముందు స్తుతి, తరువాత కృతజ్ఞత, చివరికి మనవి అన్న వరుస నాకు అలవాటు. ఆ వరుస వదిలేసి, ఆయన లేని ఇంటిని గురించి, అప్పులవాళ్లను గురించి, కొడుకును గురించి ఉన్నది ఉన్నట్టు గొడవపడడం మొదలుపెట్టాను. గొడవపడిన తరువాత ఏడుపు వచ్చేది, ఏడిచిన తరువాత ఎవరో పక్కన కూర్చొని విన్నట్టు ఉండేది. ఇంతకంటె స్పష్టంగా దానిని నేను చెప్పలేను. దర్శనం రాలేదు, స్వరం వినిపించలేదు.

ఆ రోజుల్లోనే మా సంఘంలోని ఒక అమ్మమ్మ మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఒకప్పుడు పల్లెలలో బైబిలు స్త్రీగా, అంటే ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే స్త్రీగా, తిరిగిన మనిషి ఆమె. ఇప్పుడు నెలకు 4,000 రూపాయల పింఛను మీద బతుకుతున్నారు. పూర్వం మా ఇళ్లలో అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం మందిరానికి తెచ్చేవారు. చాలా ఇళ్లలో అది పోయింది, ఆమె ఇంట్లో పోలేదు. ఆ బియ్యమే సంచిలో పోసుకొని, కర్ర పట్టుకొని, నగర బస్సు ఎక్కి వచ్చేవారు. వచ్చి వాక్యం చెప్పేవారు కాదు. చిక్కుడుకాయలు ఈనెలు తీసి పెట్టేవారు, మా అమ్మాయి జడ వేసేవారు, నేను మాట్లాడితే వినేవారు. యోబు స్నేహితులు అతనితోపాటు నేలమీద ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా కూర్చున్నారు. వారు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచిన తరువాతనే చెడగొట్టారు. ఈ అమ్మమ్మకు ఆ సంగతి బాగా తెలుసు. వెళ్లేముందు మాత్రం నా తలమీద చేయి వేసి, ఏలీయాకు దేవదూత చెప్పిన మాట చెప్పేవారు: "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది." అంత గొప్ప ప్రవక్త అరణ్యంలో చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవుడు అతనికి ఉపదేశం చేయలేదు, దూత చేత తట్టి లేపించి, నిప్పులమీద కాల్చిన అప్పం, నీళ్లు పెట్టించి, మళ్లీ నిద్రపోనిచ్చాడు. రెండవసారి తినమని లేపించినప్పుడే ప్రయాణం మాట ఎత్తాడు. హోరేబు కొండమీద దేవునితో సంభాషణ ఎప్పుడో తరువాత జరిగింది.

ఫిబ్రవరిలో మామ్మగారికి తోడుగా గుణదల కొండకు వెళ్లాను. మేము ప్రొటెస్టెంటులం కాబట్టి మరియమాత ఉత్సవాలకు వెళ్లడం మా సంఘంలో కొందరికి నచ్చదు; ఆమెకు ఏనాటిదో మొక్కు ఉంది, మెట్లు ఒంటరిగా ఎక్కలేరు, నేను తోడు వెళ్లాను, అంతే. 1924లో అక్కడ మాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరిగే ఆ తిరునాళ్లకు అన్ని మతాలవారూ వస్తారు. కొవ్వొత్తులు వెలిగిస్తారు, కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు. ఈ పద్ధతుల గురించి నాకు అభ్యంతరాలు ఉన్నాయి, వాటిని ఇక్కడ చర్చించను. నేను చూసినది ఆ మెట్లమీది ముఖాలను. బిడ్డ జబ్బు, కూతురి పెళ్లి, కొడుకు ఉద్యోగం, తీరని అప్పు, పోయిన భర్త, అన్నింటినీ ఒకే మొక్కులో కలిపి, సిగ్గుపడకుండా పైకే చెప్పుకుంటూ ఎక్కుతున్నారు. ఇది ఆత్మీయమైన మనవి, అది లౌకికమైన మనవి అని అక్కడ ఎవరూ విడదీయడం లేదు. మా మందిరంలో అంత ధైర్యంగా అడగగలవారు ఎంతమంది ఉన్నారని ఆలోచిస్తూ దిగాను.

అప్పు ఇంకా తీరలేదు. గొలుసు ఇంకా తాకట్టులోనే ఉంది, వడ్డీ మాత్రం నెలనెలా కట్టగలుగుతున్నాను. మా అబ్బాయి మందిరానికి రావడం లేదు. అయితే ఈస్టరుకు ముందు శనివారం సున్నం డబ్బా తీసుకొని సమాధుల తోటకు తానే వెళ్లి తండ్రి సమాధికి వెల్ల వేసి వచ్చాడు, తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగించేటప్పుడు చెల్లెలి పక్కన నిలబడ్డాడు. నేను దాని గురించి ఏమీ అడగలేదు.

ఈ మధ్య మా స్త్రీల సమాజంలో ఒక ప్రతిపాదన పెట్టాను. ఎవరి ఇంట మరణం సంభవించినా, ఆదరణ కూడిక కంటె ముందు ఇద్దరు సహోదరీలు ఆ ఇంటికి వెళ్లి బియ్యం, గ్యాసు ఉన్నాయా, మందుల బాకీ ఎంత, పిల్లల ఫీజు కట్టారా అని నెమ్మదిగా కనుక్కోవాలని. కూడిక భోజనాల ఖర్చు ఆ ఇంటిమీద పడకుండా సమాజమే పెట్టుకోవాలని. దానికి పిడికెడు బియ్యం డబ్బాలు మళ్లీ ఇంటింటా పెట్టాలని. అమ్మమ్మ అందరికంటె ముందు చెయ్యెత్తారు. సంఘ పెద్దలలో ఇద్దరు మాత్రం ఇది ఆత్మీయమైన పని కాదని, సమాజం ప్రార్థనకు పరిమితమైతే మంచిదని అన్నారు. యెరూషలేములోని మొదటి సంఘంలో విధవరాండ్రకు రోజూ జరిగే పంపిణీలో లోటు వచ్చినప్పుడు అపొస్తలులు ఆ పనికి ఏర్పరచమన్నది ఆత్మతోనూ జ్ఞానముతోనూ నిండుకొనిన ఏడుగురిని కదా అని అడిగాను. దానికి జవాబు చెప్పకుండా, డబ్బాలు ఎవరు కొంటారు, లెక్కలు ఎవరు రాస్తారు అన్నారు. డబ్బాలు నేను కొంటానని, లెక్కలు మా అమ్మాయి రాస్తుందని చెప్పాను. వచ్చే ఆదివారం ఆరాధన అయిన తరువాత మళ్లీ కూర్చోవలసి ఉంది.